మెదడులోని యలలు



సిరిసిల్ల పట్టణమున మరమగ్గములున్న వాడలో ఒక్క రాత్రి గడపినవారికి ఒక సంగతి తెలిసియుండును. క్రొత్తగా వచ్చినవానికి ఆ చప్పుడు వట్టి రొద, నిద్ర పట్టదు. మగ్గముల నడుమ పుట్టి పెరిగినవానికి అది రొద కాదు. మగ్గము సరిగా ఆడుచున్నదో, పోగు తెగినదో, నాడె తడబడినదో అతడు తల యెత్తి చూడకయే చెవితో పోల్చుకొనును. లయ తప్పుటయే అతనికి గుర్తు.

మనుష్యుని మెదడునకును అట్టి లయ కలదు. తల్లికడుపులో నుండగనే మొదలైన యా పని ప్రాణము పోవువఱకు ఆగదు. మెలకువలో దానికి ఒక లయ, కునుకుపాటులో ఒక లయ, గాఢనిద్రలో వేఱొక లయ. ఆ లయను కాగితముమీద వ్రాయించి, లోపల ఎక్కడ పోగు తెగినదో పోల్చుకొను విద్య సుమారు నూఱేండ్ల క్రిందట పుట్టినది. దానిని గూర్చి నేడు మీతో మాటలాడదలచితిని. ఇది పండితుల వినోదము మాత్రమే యైనచో మీ కాలమును వ్యర్థపుచ్చకుందును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు పల్లెలలో ఏ యింట పిల్లవాడు నురగలు గ్రక్కుచు పడిపోయినను, మొదట కబురు వచ్చునది పెద్దలకే. ఎక్కడికి తీసికొనిపోవలయునని అడుగునదియు మిమ్మే. అందుచేత ఈ మాటలు మీకే చెప్పవలసియున్నవి.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. అవి అతిసూక్ష్మమైన విద్యుత్తుచేత ఒండొంటితో మాటలాడుకొనును. ఒక్క కణముయొక్క మాట పుఱ్ఱె వెలుపలికి వినరాదు. కొండగట్టుమీద వేలకొలది జనులు తలకొక మాట మాటలాడుకొనుచున్నప్పుడు, క్రింది బాటమీద నిలిచినవానికి ఏమియు తెలియదు. వారందఱు ఒక్కసారిగా అంజన్న నామము పలికిరా, ఆ ధ్వని దిగువకు వినబడును. మెదడునందును అంతే. లక్షలకొలది కణములు ఒక్క తాళమునకు కదలినపుడు పుట్టు విద్యుత్తు, అలవలె తలచర్మమువఱకు వచ్చును. దీనినే మెదడు తరంగమందురు. దాని బలమెంత యందురా, టార్చిలైటులోని ఒక బ్యాటరీ బలము 1.5 వోల్టులు, తలచర్మముపై దొరకు అల సుమారు 50 మైక్రోవోల్టులు, అనగా ఆ బ్యాటరీ బలములో ముప్పదివేలవ పాలు.

ఇంగ్లండులోని లివర్‌పూలు నగరపు వైద్యుడు రిచర్డు కేటన్ 1875లో కుందేళ్ల మెదళ్లయందును, కోతుల మెదళ్లయందును ఇట్టి విద్యుత్తు చలనమును కనిపెట్టెను. మనుష్యుని తలనుండి దానిని తొలుత లేఖించినవాడు జర్మనీదేశమున యేనా పట్టణమందలి మానసిక వైద్యుడు హాన్స్ బెర్గరు. అది 1924వ సంవత్సరము. ఆయన యీ పనికి పూనుకొన్న కథ వినదగినది. యౌవనమున సైన్యమునందుండగా ఆయన గుఱ్ఱముమీదినుండి పడి, వెంట్రుకవాసిలో చావు తప్పించుకొనెను. ఆనాడే తండ్రియొద్దనుండి తంతి వచ్చెను. దూరమున ఇంటనున్న సోదరి, ఇతనికేదో కీడు మూడినదని తల్లడిల్లుటచేత తండ్రి క్షేమమడిగెనట. ఒక మనస్సునుండి ఇంకొక మనస్సునకు పోవు శక్తి యేదో ఉండవలయునని బెర్గరు నమ్మి, దానిని వెదకుటలో ఏండ్లు గడపెను. అది దొరకలేదు, ఈ యలలు దొరకినవి. తన కుమారుని తలమీద కూడ పరీక్షలు చేసి, 1929లో లోకమునకు ప్రకటించెను. పలువురు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జియందు ఏడ్రియన్, మాథ్యూస్ అను శాస్త్రజ్ఞులు అదే పరీక్ష చేసి చూపిన పిదపగాని సందేహము తీఱలేదు. వెదకినది దొరకకున్నను, దొరకినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి చూపుటలోనే బెర్గరు గొప్పతనమున్నది.

ఇప్పుడు ఆ యలల తెఱగులు వినుడు. ఒక్క సెకనులో అల ఎన్నిసార్లు లేచి పడునో లెక్కించి, గ్రీకు అక్షరముల పేళ్లతో వానిని విభజించిరి.

సాయంకాలము పనులు ముగించుకొని, అరుగుమీద గోడకానుకొని, నిద్రపోక ఊరక కన్నులు మూసికొనియున్న పెద్దమనుష్యుని తలచుకొనుడు. అతని తల వెనుకభాగమున సెకనుకు 8 మొదలు 13 వఱకు లేచు నెమ్మదియైన అల కనబడును. ఇది ఆల్ఫా. ఎవరో పిలిచిరని అతడు కన్నులు తెఱచెనా, ఆ యల తగ్గిపోవును. అతడే లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని బాకీలు కూడుకొనునప్పుడును, కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీ తన కట్టల లెక్క సరిచూచుకొనునప్పుడును 13 మొదలు 30 వఱకు గల చిన్న చిన్న వేగపుటలలు హెచ్చుగా నుండును. ఇవి బీటా. రాత్రి హరికథ వినుచు తల ఊగి గడ్డము ఱొమ్మునకు తగులు వేళ 4 మొదలు 8 వఱకు గల థీటా అలలు వచ్చును. ఒడలెఱుగని గాఢనిద్రలో 4 కంటె తక్కువగా, ఎత్తుగా, విశాలముగా లేచునవి డెల్టా. రాత్రి తొలిభాగమున ఇవి మెండు. పసిపిల్లలకు మఱింత మెండు. 30 కి మించినవానిని గామా యందురు. తల కండరములు బిగిసినప్పుడు పుట్టు విద్యుత్తు వీనితో కలిసిపోవును గనుక, వీనిని వేఱుచేసి చదువుట కష్టము.

ఏ వేళనైనను ఒక్క జాతి యల మాత్రమే ఉండునని తలపరాదు. అన్నియు కలిసియే యుండును; ఏది మిక్కుటమో దానినిబట్టి అవస్థను చెప్పుదురు. వేగపుటల గలవాడు తెలివిగలవాడనియు, మెల్లని యల గలవాడు మందుడనియు చెప్పుటకు వీలులేదు. పెద్దవానికి మెలకువలో మెల్లని యలలు మిక్కిలిగా కనబడినచో మాత్రము, తలకు దెబ్బయో, లోపల వాపో, కంతియో ఉన్నదేమోయని వైద్యులు వెదకుదురు.

మన పూర్వులు జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి యని మూడవస్థలు చెప్పిరి. ఈ మూటికిని మూడు తీరుల వ్రాత యంత్రముమీద కనబడుట విశేషము. స్వప్నపు సంగతి మఱియు వింత. 1953లో అమెరికాలోని చికాగోయందు ఏసరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కొన్ని వేళల మూసిన ఱెప్పలక్రింద కనుగ్రుడ్లు వేగముగా కదలునని ప్రకటించిరి. ఆ వేళ లేపినచో తఱచుగా కల చెప్పుదురు. అప్పటి మెదడు వ్రాత మెలకువకు దగ్గఱగా నుండును. కాలుసేతులు మాత్రము చచ్చుపడినట్లుండును. సుమారు 90 నిమిషముల కొకసారి ఇది తిరిగి వచ్చును. ధ్యానమును గూర్చి కూడ మనదేశముననే పరీక్షలు జరిగినవి. 1961లో ఢిల్లీయందు ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ అను శాస్త్రజ్ఞులు యోగుల తరంగములను లేఖించి ప్రకటించిరి. ధ్యానమందున్న యోగికి వెలుతురు చూపినను, చప్పుడు చేసినను ఆల్ఫా అల చెదరలేదని వారు వ్రాసిరి. అంతమాత్రమున ఆల్ఫా పుట్టించు పెట్టెయని ఎవరైన అమ్మవచ్చినచో డబ్బు పోసి కొనవలదు. అల అనునది గుర్తు మాత్రమే. పొగ చూచి నిప్పున్నదందుము గాని, పొగ కొనితెచ్చి వంట చేయము గదా.

ఇక ముఖ్య విషయమునకు వచ్చెదను. ఈ లేఖనమువలన లోకమునకు కలిగిన పెద్ద మేలు మూర్ఛవ్యాధిని గూర్చినది.

1935లో అమెరికాలోని బోస్టనుయందు గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అను మువ్వురు కొందఱు పిల్లల తరంగములను లేఖించిరి. ఆ పిల్లలు పాఠము చదువుచునే హఠాత్తుగా కొన్ని సెకనులు శిలవలె చూచి, మరల ఏమియు జరుగనట్లు చదువుకొనసాగుదురు. ఆ కొన్ని సెకనులలో యంత్రముమీద సెకనుకు మూడేసి చొప్పున, సూదిమొనవంటి అలయు దానివెంట గుండ్రని అలయు వరుసగా వచ్చినవి. పిల్లవాడు తేఱుకొనగనే అవి నిలిచిపోయినవి. ఇట్టి పిల్లలను పరాకు గలవారని మన బడులలో బెత్తముతో కొట్టినవారున్నారు. పెద్ద మూర్ఛలోనైనను జరుగునది ఇట్టిదే. కొండమీది జనులు తలకొక మాట మాటలాడుకొనుటకు బదులు, ఏ కారణము లేక అందఱు ఒక్కసారిగా కేకలు వేసి ఆపకున్నట్లు, మెదడులోని కణములు మితిమీఱి ఒక్కటియై కొట్టుకొనును. ఆ కేక చేతిని నడపు తావునకు ప్రాకినచో చెయ్యి కొట్టుకొనును. మెదడంతటికి ప్రాకినచో స్మృతి తప్పును. చరకాదులు దీనిని అపస్మారమని రోగములలోనే చేర్చిరి. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేరిట నున్న వైద్యగ్రంథము కూడ రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందటనే, ఈ వ్యాధి తక్కిన వ్యాధులకంటె దైవికమైనది కాదని చెప్పినది. వారు ఊహించినదానిని ఈ యంత్రము కాగితముమీద చూపినది.

ఇచ్చట నా స్వానుభవము నొకటి చెప్పక తీఱదు. నా చిన్నతనమున మా వాడలో నాకంటె రెండేండ్లు పెద్దవాడైన బాలుడొకడుండెను. లెక్కలలో అతనికి సాటి లేదు. ఒకనాడు బడి ముంగిట పడి కొట్టుకొనెను. తాళపుచెవుల గుత్తికై పరుగెత్తినవారిలో నేనొకడను. చేతిలో ఇనుము పెట్టితిమి. చెప్పు వాసన చూపితిమి. పండ్లనడుమ చెంచా దూర్చగా ఒక పన్ను విఱిగినది. తరువాత గాలి సోకినదని తాయెత్తులు కట్టిరి, వేపమండలతో కొట్టిరి, కోళ్లను కోసిరి. ఇంటివారు అప్పుల పాలైరి. బడి మాన్పించిరి. పదునాలుగవయేట అతడు ఒంటిగా పొలముబావిలో స్నానమునకు దిగి, మరల పైకి రాలేదు. బావిలోని దయ్యము లాగుకొన్నదనిరి, నేనును నమ్మితిని. నీటిలో నుండగా మూర్ఛ వచ్చినదని నాకు అర్థమైనది చాల యేండ్లకు. ఆనాటికే మందు లేకపోలేదు. 1912నుండియే ఫినోబార్బిటాలు అను మాత్రను ఈ వ్యాధికి వాడుచున్నారు. వారు కోళ్లకు పెట్టిన వెలలో ఏండ్లకు సరిపడు మాత్రలు వచ్చియుండెడివి. ఆనాడు ఏ పెద్దయైన ఒక్కమాట చెప్పియుండినచో ఆ బాలుడు నేడు మనుమలనెత్తుకొని యుండెడివాడేమో.

రోగమునకు దయ్యమును కారణముగా చెప్పుట అంతటితో ఆగదు. దయ్యమును పంపినవాడెవడని మఱునాడు వెదకుదురు. బాణామతి, చేతబడి యను మాటలు మన ప్రాంతమున ఎన్ని కుటుంబములను కాల్చినవో మీరెఱుగుదురు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణమందే, మంత్రములు చేయుచున్నారను అనుమానముచేత ఒక తండ్రియు నతని యిద్దఱు కుమారులును చంపబడిరి. రోగమునకు అసలు కారణము తెలిసిన యూరిలో ఇట్టి అనుమానమునకు వేరు పాఱదు.

దేవుని యెడ భక్తి విడువుడని నేను చెప్పుటలేదు. మనస్సు చెదరినవారిని కొండగట్టునకు తీసికొనివచ్చి, నలువది దినములు స్వామి సన్నిధిని ఉంచుట మన ప్రాంతమున బహుకాలపు ఆచారము. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మ్రొక్కుట మనవారందఱెఱిగినదే. నియమము, వేళకు స్నానము, నలుగురి తోడు మనస్సునకు ఊఱట నిచ్చునవే. మ్రొక్కు మ్రొక్కుడు, మాత్ర మాత్రము మానవలదు. మూర్ఛమందును హఠాత్తుగా నిలిపినచో మూర్ఛలు ఒకదానివెంట ఒకటి విడువక వచ్చి ప్రాణమునకే మోసము రావచ్చును. పూనకమువలె ఊగుట, ఏడ్పు, కేకలు అన్నియు మూర్ఛ కావు. కొన్ని మనోవేదనవలన కలుగును. వానికిని వైద్యముండనే యున్నది. టెలిమానస్ అను పేర 2022లో ప్రారంభమైన 14416 అను ఫోను సంఖ్యయందు తెలుగులోనే మాటలాడవచ్చును.

మీ కన్నులముందు ఎవరైన మూర్ఛపోయినచో చేయవలసినవి ఇవి. నిప్పు, నీరు, యంత్రము, రాయి దగ్గఱ లేకుండ చేయుడు. తలక్రింద మెత్తని గుడ్డ పెట్టుడు. మెడయొద్ద బిగువును సడలించి, ఒక ప్రక్కకు ఒత్తిగిలజేయుడు; నురగ వెలుపలికి జాఱిపోవును. చేతులు కాళ్లు బిగబట్టవలదు. నోటిలో ఏదియు పెట్టవలదు; తెలివి వచ్చువఱకు నీళ్లైనను పోయవలదు. ఇనుము, ఉల్లి, చెప్పు ఏమియు చేయవు. మూర్ఛ సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో దానంతట అదియే నిలుచును. నిలిచినప్పుడు చేతిలో ఇనుమున్నందున దానికి కీర్తి వచ్చినది. గడియారము చూడుడు. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను, గర్భిణికి వచ్చినను 108 వాహనమును పిలువుడు.

తరువాత వైద్యునియొద్దకు పోవలయును. 2016లో జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు వేఱు జిల్లాలైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనిది. 2022లో జగిత్యాలయందును, 2023లో సిరిసిల్లయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. మొదట దగ్గఱి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపినచో, అవసరమునుబట్టి నరముల వైద్యునికి గాని, హైదరాబాదులోని నిమ్స్‌కు గాని వారే వ్రాసి పంపుదురు. వైద్యుడు మెదడు తరంగముల పరీక్ష, అనగా ఇ.ఇ.జి. చేయింపుమన్నచో భయపడవలదు. కరెంటు పెట్టుదురని పుకారు కలదు; అది అబద్ధము. యంత్రము మెదడునుండి వచ్చు విద్యుత్తును వినునే గాని, మెదడునకు ఏమియు పంపదు. నూనె లేకుండ తలంటుకొని పోవలయును. జిగురువంటి లేపనముతో చిన్న బిళ్లలు ఇరువదింటికి పైగా తలమీద అంటింతురు. కన్నులు మూయుమందురు, తెఱువుమందురు, గట్టిగా ఊపిరి పీల్చుమందురు, దీపము మెఱపింతురు. అర్ధగంట, గంటలో ముగియును, నొప్పి లేదు.

ఇంకొకటి జ్ఞాపకముంచుకొనవలయును. మూర్ఛ లేని వేళ తీసిన ఒక్క లేఖనములో దోషము కనబడునది రోగులలో సుమారు సగము మందికే. కాగితము బాగున్నదని రోగము లేదనరాదు. అందుచేత మూర్ఛ ఎట్లు మొదలైనది, ఏ ప్రక్క కొట్టుకొన్నది, ఎంతసేపున్నది యని కన్నులార చూచినవాని సాక్ష్యము యంత్రముకంటె విలువైనది. చూచినవారిని వైద్యునియొద్దకు వెంట పంపుడు. నేటి ఫోనులో చిత్రము తీసికొనిపోయిన మఱియు మేలు.

కారణములు పలు విధములు. ప్రసవమున బిడ్డకు ఊపిరి అందకపోవుట, తలకు దెబ్బ, మెదడు జ్వరము, పక్షవాతము అందులోనివి. మనదేశమున ఇంకొకటి కలదు: బద్దెపురుగు. ఇది పందిమాంసము తినువారికే వచ్చునను మాట పొరపాటు. కడుపులో ఆ పురుగున్నవాని మలమునుండి గ్రుడ్లు నీటిలోను, పచ్చికూరలమీదను చేరి, మాంసము ముట్టనివాని కడుపులోనికైనను పోవును. పిల్లపురుగులు మెదడులో చేరి మూర్ఛ కలిగించును. కావున మరుగుదొడ్డి వాడుటయు, చేతులు సబ్బుతో కడుగుకొనుటయు మెదడు వైద్యములో భాగమే.

నిద్ర తక్కువైనచో మూర్ఛ లేచును. రాత్రిపాళి మగ్గముమీద నిలిచినవాడును, గల్ఫుదేశములకు పోయి రేయింబవళ్లు కష్టపడువాడును ఈ రోగమును దాచి, మందు మానుటవలన అపాయమును తెచ్చుకొందురు. దుబాయి పోవు కుమారునికి పచ్చడి సీసాతోపాటు మందుచీటిని, అక్కడి నిబంధనలు విచారించి తగిన మందును కట్టియిచ్చుట మఱువకుడు. మూర్ఛ కుదుటపడువఱకు ఒంటిగా బావిలోనికి దిగుట, బండి నడపుట, ఎత్తులెక్కుట మానవలయును. మాత్రలను వేళ తప్పక వేసికొనవలయును. రెండేండ్లైనను మూర్ఛ రాకయున్న పిమ్మటనే, తగ్గించుట యెట్లో వైద్యుడు ఆలోచించును. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము లోకమున సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. సరియైన వైద్యము జరిగినచో వారిలో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరు.

కడపట పెండ్లి సంగతి. మూర్ఛ గల ఆడపిల్లను పుట్టింటికి పంపివేయు తగవులు మీయొద్దకు వచ్చుచుండును. హిందూ వివాహచట్టములో మూర్ఛరోగము వివాహమునకు అడ్డుగా ఉండెడిది. 1999లో చట్టమును సవరించి ఆ మాటను తీసివైచిరి. మూర్ఛ అంటువ్యాధి కాదు. ఆ వ్యాధి గల స్త్రీలలో చాలమంది ఆరోగ్యముగల బిడ్డలను కనుచున్నారు. కొన్ని మందులు గర్భమునకు హాని చేయును గనుక, గర్భమునకు ముందే వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలయును. ఇరుపక్షములవారు దాచక చెప్పుకొని పెండ్లి చేసికొన్నచో తగవునకు తావుండదు. పంచాయతి కూర్చున్న పెద్ద ఈ నాలుగు మాటలు చెప్పినచో ఒక సంసారము నిలుచును.

మగ్గముమీద పోగు తెగినప్పుడు నేతగాడు మగ్గమునకు దిష్టి తీసి ఊరకుండడు. తెగినచోటు వెదకి అతుకును. మెదడులోని పోగును అతుకువారు నేడున్నారు. వారియొద్దకు దారి చూపవలసినవారు మీరు. నా బాల్యమిత్రునికి ఆ దారి చూపినవారు లేకపోయిరి. మీ యూరి పిల్లలకు ఆ కొఱత రాకుండ చూడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.